పందుంపుల్ల నుంచి ప్లాస్టిక్ దాకా

ఉదయం లేవగానే మనిషి చేసే మొదటి పని పళ్లు తోముకోవడం. దినచర్యలో ఇంత ఆలోచన లేకుండా చేసే పని మరొకటి ఉండదేమో. చేయి దానంతట అదే బ్రష్షును అందుకుంటుంది, పేస్టు మూత తీస్తుంది, కుళాయి తిప్పుతుంది. అయిదు నిమిషాల్లో పని ముగుస్తుంది. కాని ఆ అయిదు నిమిషాల్లో మనం వాడిన వస్తువులు ఎక్కడి నుంచి వచ్చాయి, ఎక్కడికి పోతాయి అన్న ప్రశ్న మాత్రం మనకు తట్టదు. ఆ ప్రశ్నను ఒకసారి వేసుకోవడం అవసరమని నా అభిప్రాయం.

ఖమ్మం జిల్లా దక్షిణపు అంచున, ఆంధ్రప్రదేశ్ సరిహద్దును ఆనుకొని వేంసూరు ఉంది. చుట్టూ మామిడి తోటలు, పామాయిల్ తోటలు, వరి పొలాలు. సత్తుపల్లి, దమ్మపేటల మీదుగా ముందుకు సాగితే భద్రాచలం అడవులు ఎదురవుతాయి. ఇటువంటి ఊళ్లలో ఒకే వాకిట్లో రెండు కాలాలు పక్కపక్కన కనిపిస్తాయి. అరుగు మీద కూర్చున్న తాతగారి నోట వేపపుల్ల ఉంటుంది. కుళాయి దగ్గర నిలబడిన మనుమడి చేతిలో రంగురంగుల ప్లాస్టిక్ బ్రష్షు ఉంటుంది. తాతగారు పుల్ల నమిలి, దాన్ని నిలువునా చీల్చి, ఆ బద్దతోనే నాలుక గీసుకొని, చెంబెడు నీళ్లతో ముఖం కడుక్కుంటారు. ఆ పుల్ల చెట్టు మొదట్లో పడి కొన్నాళ్లకు మట్టిలో కలిసిపోతుంది. మనుమడు పారేసిన బ్రష్షు మాత్రం అతని మనుమల కాలానికి కూడా మట్టి కాదు.

ఈ పోలిక చూడగానే 'పాతదే మంచిది, కొత్తదంతా చెడ్డది' అని తీర్పు చెప్పాలనిపిస్తుంది. కాని తీర్పు అంత తేలిక కాదు. రెండు వైపులా ఉన్న నిజాలను తూచి చూడాలి.

మొదట పుల్ల సంగతి చూద్దాం. మన ప్రాచీన వైద్య గ్రంథాలు దంతధావనాన్ని చిన్న విషయంగా భావించలేదు. చరక సంహిత రోజుకు రెండు పూటలా పళ్లు తోముకోవాలనీ, పుల్ల చివర నమిలి మెత్తగా చేసుకోవాలనీ, చిగుళ్లకు దెబ్బ తగలకుండా తోమాలనీ చెప్పింది. వాగ్భటుని అష్టాంగహృదయం పుల్ల పన్నెండు అంగుళాల పొడవు, చిటికెనవేలి కొన అంత లావు ఉండాలని కొలత కూడా ఇచ్చింది. ఇక్కడ అంగుళమంటే వేలి వెడల్పు. జిల్లేడు, మర్రి, చండ్ర, కానుగ, మద్ది వంటి చెట్లను అది పేర్కొంది. చేదు చెట్లలో వేప, వగరు చెట్లలో చండ్ర, తీపి చెట్లలో ఇప్ప, కారపు చెట్లలో కానుగ శ్రేష్ఠమని సుశ్రుతుడు చెప్పాడు. ఈ పేర్లను గమనించండి. ఇవేవీ దూరదేశపు చెట్లు కావు. వేప, కానుగ, మర్రి మన వాకిళ్లలో, పొలం గట్ల మీద పెరిగేవే. ఇప్ప, చండ్ర, మద్ది భద్రాచలం అడవిలో నేటికీ ఉన్నవే. వైద్యుడు గ్రంథంలో రాసిన దానిని మన పల్లెవాసి పుస్తకం చదవకుండానే ఆచరించాడు.

ఈ ఆచారం మన దేశానికే పరిమితం కాదు. అరబ్బు దేశాల్లోనూ, ఆఫ్రికాలోనూ మిస్వాక్ అనే పుల్లను వాడుతున్నారు. అది దొరికే ప్రాంతాల్లో దంత రక్షణకు దాన్ని ప్రోత్సహించవచ్చని 1980లలో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా సూచించింది. కాబట్టి పుల్లతో తోముకోవడం వెనుకబాటుతనమని చిన్నచూపు చూడనవసరం లేదు.

ఇక బ్రష్షు చరిత్ర చూద్దాం. పంది వెంట్రుకలతో చేసిన బ్రష్షులు చైనాలో అయిదారు వందల ఏళ్ల కిందటే ఉన్నాయి. 1780 ప్రాంతంలో ఇంగ్లండులో విలియం ఆడిస్ ఎముక పిడికి వెంట్రుకలు బిగించి బ్రష్షుల వ్యాపారం ప్రారంభించాడు. 1938లో అమెరికాలో నైలాన్ కుచ్చుతో బ్రష్షు వచ్చింది. అక్కడి నుంచి ఎముక, వెంట్రుక మాయమై ప్లాస్టిక్ రాజ్యం మొదలైంది. నేడు మనం వాడే బ్రష్షుకు పిడి ఒక ప్లాస్టిక్, కుచ్చు మరొక ప్లాస్టిక్, పట్టు కోసం అతికించిన రబ్బరు వేరొక పదార్థం. ఇవన్నీ ఒకదానిలో ఒకటి కలిసి ఉండటం వల్ల వాటిని విడదీసి మళ్లీ కరిగించడం గిట్టుబాటు కాదు. పాత ఇనుము, సీసాలు, కాగితాలు కొనే వ్యాపారి కూడా బ్రష్షును తీసుకోడు. పేస్టు గొట్టం పరిస్థితీ అంతే. చాలా కాలంగా వాడుకలో ఉన్న గొట్టాల్లో ప్లాస్టిక్ పొరల నడుమ పలుచని అల్యూమినియం పొర ఉంటుంది. ఒకే రకం ప్లాస్టిక్‌తో చేసిన గొట్టాలను కొన్ని కంపెనీలు ఇటీవలి సంవత్సరాల్లో తెస్తున్నాయి. కాని వాటిని సేకరించే ఏర్పాటు లేని ఊరిలో అవి కూడా చెత్తకుప్పకే చేరతాయి.

ఒక చిన్న లెక్క వేద్దాం. బ్రష్షును మూడు నెలలకోసారి మార్చాలని దంతవైద్యులు చెబుతారు. అంటే మనిషికి ఏడాదికి నాలుగు. ఒక్కొక్కటి సుమారు 15 గ్రాములనుకుంటే అయిదు వందల మంది విద్యార్థులున్న ఒక కళాశాల ఏడాదికి 2,000 బ్రష్షులు, అంటే 30 కిలోల ప్లాస్టిక్ పారేస్తుంది. దేశంలో 70 కోట్ల మంది ఈ పద్ధతి పాటిస్తే ఏడాదికి 280 కోట్ల బ్రష్షులు. వాటి బరువు 42 వేల టన్నులు. పేస్టు గొట్టాలు, మూతలు, అట్టపెట్టెలు, పొడి పొట్లాలు దీనికి అదనం.

మనిషికి ఏడాదికి 60 గ్రాములంటే పెద్ద బరువేమీ కాదని ఎవరైనా అనవచ్చు. నిజమే. పాల సంచులు, నీళ్ల సీసాలు, తినుబండారాల పొట్లాలు ఇంతకన్నా ఎక్కువ చెత్త పోగు చేస్తాయి. అయినా ఈ 60 గ్రాములకు ఒక ప్రత్యేకత ఉంది. దీన్ని ఎవరూ కొనరు, ఎవరూ ఏరుకోరు. పల్లెటూళ్లలో చివరకు అది చేరేది రెండు చోట్లకే. ఒకటి వాన కాలువ గుండా చెరువుకు, రెండు ఇంటి వెనుక వేసే మంటకు. చెత్తను ఆరుబయట తగలబెట్టడాన్ని 2016 నాటి ఘనవ్యర్థాల నిర్వహణ నియమాలు నిషేధించాయి. కాని తెల్లవారుజామున ఆకులతో కలిపి ప్లాస్టిక్‌ను కాల్చే అలవాటు మన ఊళ్లను ఇంకా వదలలేదు. ఆ పొగను మొదట పీల్చేది కాల్చినవారి ఇంటి పిల్లలే. 2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే కొన్ని ప్లాస్టిక్ వస్తువులను దేశమంతటా నిషేధించారు. చెవిపుల్లలకు ఉండే ప్లాస్టిక్ కాడలు ఆ జాబితాలో ఉన్నాయి కాని బ్రష్షులు లేవు. కాబట్టి ఈ విషయంలో చట్టం కన్నా మన వివేకమే ముందు మేలుకోవాలి.

అయితే బ్రష్షును, పేస్టును వెంటనే పారేసి అందరూ పందుంపుల్ల పట్టాలా? ఇక్కడే జాగ్రత్తగా ఆలోచించాలి. తాతగారి కాలంలో పంచదార అపురూపం. నేడు వేంసూరు వంటి ఊరిలో చిన్న దుకాణంలో కూడా చాక్లెట్లు, బిస్కెట్లు, శీతల పానీయాలు దొరుకుతాయి. నోట్లోని సూక్ష్మజీవులు చక్కెరను తిని ఆమ్లాన్ని తయారు చేస్తాయి. ఆ ఆమ్లం పంటి పైపొర అయిన పింగాణీని కరిగిస్తుంది. అదే పుచ్చుకు మొదలు. ఆహారం మారినప్పుడు రక్షణ కూడా మారక తప్పదు. వేపకు నోటిలోని సూక్ష్మజీవులను అదుపు చేసే గుణం ఉందని కొన్ని పరిశోధనలు చూపాయి. కాని పుచ్చును నివారించడంలో ఫ్లోరైడ్ పేస్టుకు ఉన్నంత బలమైన ఆధారం మరి దేనికీ లేదు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫ్లోరైడ్ పేస్టును అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చింది. కనుక దాన్ని విలాస వస్తువుగా కొట్టిపారేయలేం.

ఫ్లోరైడ్ అనగానే మన రాష్ట్రంలో నల్లగొండ గుర్తుకు రావడం సహజం. నీటిలో ఫ్లోరైడ్ మితిమీరితే పళ్లు గారపట్టి, ఎముకలు వంగిపోతాయన్నది మన ప్రజలు అనుభవించిన సత్యం. మన దేశంలో ఈ వ్యాధిని 1937లో మొదట గుర్తించింది కూడా నేటి ప్రకాశం జిల్లా ప్రాంతంలోనే. కాని విషమూ ఔషధమూ మోతాదును బట్టే ఉంటాయి. ప్రతిరోజూ తాగే నీటిలో ఎక్కువైనది వేరు, పళ్లకు రాసి ఉమ్మివేసే కొద్దిపాటి పేస్టు వేరు. నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న ఊళ్లలో, పేస్టు మింగే వయసు పిల్లల విషయంలో మాత్రం దంతవైద్యుని సలహా తీసుకోవాలి.

సహజమైనదంతా మేలైనది కాదన్న సంగతి కూడా మరువరాదు. ఇటుక పొడి, ఇసుక కలిసిన బూడిద, గరుకైన బొగ్గుపొడి పంటి పింగాణీని అరగదీస్తాయి. ఒకసారి అరిగిన పింగాణీ మళ్లీ పెరగదు. పళ్లూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. పొగాకు పొడితో పళ్లు తోముకోవడం ఇంకా ప్రమాదకరం. పళ్ల పొడుల్లో, పేస్టుల్లో పొగాకు కలపడాన్ని కేంద్ర ప్రభుత్వం 1992లోనే నిషేధించినా ఆ అలవాటు పూర్తిగా పోలేదు. పుల్లల విషయంలోనూ విచక్షణ కావాలి. చరకుడు గన్నేరును కూడా పేర్కొన్నాడు కాని గన్నేరులో ప్రాణాంతకమైన విషం ఉందని నేడు మనకు తెలుసు. జిల్లేడు పాలు కంటికి హాని చేస్తాయి. పూర్వులను గౌరవించడమంటే వారు చెప్పిన ప్రతి మాటనూ పరీక్షించకుండా పాటించడం కాదు.

ఇక వేపచెట్టు సంగతి. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. మనం చులకన చేసిన ఆ చెట్టు విలువను ఇతరులు ముందుగా గ్రహించారు. వేపనూనెతో శిలీంధ్రాలను అరికట్టే పద్ధతిపై అమెరికా వ్యవసాయ శాఖ, ఒక బహుళజాతి సంస్థ కలిసి ఐరోపాలో పేటెంటు పొందాయి. ఇది భారతీయులకు తరతరాలుగా తెలిసిన విద్యేనని మన పక్షాన వాదించిన ఫలితంగా 2000లో ఆ పేటెంటు రద్దయింది, 2005లో ఆ తీర్పు ఖరారైంది. ఇలా పరాయి దేశపు కార్యాలయంలో వేపను కాపాడుకున్నాం. కాని మన వాకిట్లో దాన్ని కాపాడుకుంటున్నామా?

2021 చలికాలంలో తెలంగాణలో ప్రయాణించినవారికి ఆ దృశ్యం గుర్తుండే ఉంటుంది. రోడ్ల పక్కన, పొలాల గట్ల మీద నిత్యం పచ్చగా ఉండే వేపచెట్లు కొమ్మల చివళ్ల నుంచి మాడిపోయి, మంట తగిలినట్టు గోధుమరంగుకు మారాయి. కొమ్మలను ఎండబెట్టే ఒక శిలీంధ్రపు తెగులూ, రసం పీల్చే టీ దోమ అనే పురుగూ దీనికి కారణమని వ్యవసాయ శాస్త్రవేత్తలు వివరించారు. 1990ల చివర డెహ్రాడూన్ ప్రాంతంలో కనిపించిన తెగులు క్రమంగా దక్షిణాదికి పాకింది. చాలా చెట్లు మరుసటి వేసవికి చిగురించాయి కాని కొన్ని కోలుకోలేదు. ఏ తెగులూ అంటదనుకున్న చెట్టు కళ్లముందే మాడిపోవడం పెద్ద హెచ్చరిక. పుల్ల ఉచితమే కాని చెట్టు ఉన్నంతవరకే ఉచితం. ఊరిలో పదిమంది పుల్ల విరిస్తే చెట్టుకు భారం కాదు. నగరాల కూడళ్లలో కట్టలు కట్టి అమ్మడానికి లేత కొమ్మలను నిలువునా నరికితే మాత్రం పర్యావరణం పేరుతో పర్యావరణానికే ద్రోహం చేసినట్టు అవుతుంది. పుల్ల విరిచేవారు పక్క కొమ్మనే ఎంచుకోవాలి. మొక్కగా ఉన్నదాని తల తుంచకూడదు. పదేళ్లుగా పుల్లలిచ్చిన చెట్టుకు బదులుగా ఒక మొక్కనైనా నాటాలి.

మరి వెదురు బ్రష్షు మంచిదని ప్రకటనలు చెబుతున్నాయి కదా అని మీరడగవచ్చు. వెదురు త్వరగా పెరుగుతుంది, మట్టిలో కలుస్తుంది. 2017లో అటవీ చట్టాన్ని సవరించి, అడవి వెలుపల పెంచే వెదురును చెట్ల జాబితా నుంచి తొలగించినందువల్ల రైతులు దాన్ని పెంచి అమ్ముకోవడం సులువైంది. ఇవన్నీ మంచి విషయాలే. కాని చాలా వెదురు బ్రష్షులకు కుచ్చు మాత్రం నైలాన్‌దే. దాన్ని పీకివేస్తే తప్ప పిడిని మట్టిలో వేయకూడదు. 2020లో లండన్, డబ్లిన్ నగరాల పరిశోధకులు రకరకాల బ్రష్షుల పుట్టుక నుంచి పారవేత దాకా లెక్కగట్టారు. విద్యుత్తుతో నడిచే బ్రష్షు పర్యావరణానికి అన్నిటికన్నా ఎక్కువ భారమని తేలింది. వెదురు బ్రష్షు, తల మాత్రమే మార్చుకొనే ప్లాస్టిక్ బ్రష్షు రెండూ మేలైనవని తేలింది. అంటే వెదురు ఒక్కటే దారి కాదు. పిడిని దాచుకొని తలను మాత్రమే మార్చే ఏర్పాటు కూడా అంత మంచిదే. వెదురుతో తరతరాలుగా బుట్టలు, చేటలు అల్లుతున్న మేదరులు మన ప్రాంతంలోనే ఉన్నారు. ఎక్కడో తయారై వందల మైళ్లు ప్రయాణించి వచ్చే వెదురు పిడికి బదులు, ఇక్కడి వెదురుకూ ఇక్కడి పనివారికీ ఈ పనిలో చోటు కల్పించే ఆలోచన చేస్తే పర్యావరణంతోపాటు ఒక వృత్తి కూడా నిలబడుతుంది.

ఇంతవరకు వస్తువుల గురించి చెప్పాను. నిజానికి వస్తువు కన్నా అలవాటు ముఖ్యం. అలవాట్లలో మొదటిది నీరు. కుళాయి తిప్పి ఉంచి రెండు నిమిషాలు తోముకుంటే, నిమిషానికి ఆరు లీటర్ల ధారగా లెక్కిస్తే, పన్నెండు లీటర్లు వృథా అవుతాయి. రెండు పూటలకు ఇరవై నాలుగు. చెంబుతో నీళ్లు తీసుకుంటే రెండు పూటలకు రెండు లీటర్లు చాలు. నలుగురున్న కుటుంబం రోజుకు 88 లీటర్లు, ఏడాదికి 32 వేల లీటర్లు మిగల్చగలదు. బావి నుంచి నీళ్లు తోడుకున్న రోజుల్లో ఎవరికీ ఈ లెక్క చెప్పవలసిన అవసరం రాలేదు. చేతికి బరువు తెలిసేది. కుళాయి ఆ బరువును మరిపించింది.

రెండవది పేస్టు. ప్రకటనల్లో బ్రష్షు పొడవునా అలలాగా పేస్టు పరిచి చూపిస్తారు. అది అమ్మకానికి అవసరం గాని పంటికి కాదు. పెద్దలకు బఠాణీ గింజంత, మూడేళ్లలోపు పిల్లలకు బియ్యపు గింజంత చాలని దంతవైద్యులు చెబుతారు. మోతాదు తగ్గితే గొట్టాలూ తగ్గుతాయి. తోముకున్న తరువాత నురగను ఉమ్మివేసి, పదేపదే పుక్కిలించకుండా ఉంటే ఫ్లోరైడ్ కాసేపు పంటిమీద నిలిచి మేలు చేస్తుంది, నీళ్లూ మిగులుతాయి.

మూడవది మళ్లీ వాడటం. మన ఇళ్లలో పాత బ్రష్షు వెంటనే చెత్తకుప్పకు పోదు. సైకిలు గొలుసు తుడవడానికి, నగలు కడగడానికి పనికివస్తుంది. కుచ్చు ఊడిపోయాక పిడికి ఉన్న రంధ్రంలో నాడా దూర్చి లంగాకో పైజమాకో ఎక్కించే అమ్మలు నేటికీ ఉన్నారు. పొదుపుకు పెద్ద పేర్లు పెట్టకముందే మన ఇళ్లలో అది ఉంది. దాన్ని నామోషీగా భావించడం మానుకుంటే చాలు. అన్ని వాడకాలూ అయిన తరువాత మిగిలినదాన్ని మంటలో వేయకుండా పంచాయతీ పొడిచెత్త బండికి అందించాలి.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట చివర చెబుతున్నాను. పర్యావరణానికి అత్యంత హితమైన పన్ను పుచ్చని పన్ను. పన్ను పాడయితే వేంసూరు నుంచి సత్తుపల్లికో ఖమ్మానికో పలుమార్లు ప్రయాణం చేయాలి. ప్రతిసారీ చేతి తొడుగులు, సూదులు, ప్లాస్టిక్ గ్లాసులు, మందులు ఖర్చవుతాయి. ఇంగ్లండులో దంతవైద్యం వల్ల వెలువడే కర్బన ఉద్గారాలను లెక్కించినప్పుడు అందులో పెద్ద వాటా రోగుల, సిబ్బంది ప్రయాణాలదేనని తేలింది. పుచ్చు నింపడానికి చాలాకాలం వాడిన మిశ్రమంలో పాదరసం ఉంటుంది. పాదరసం వాడకాన్ని తగ్గించాలని 2013 నాటి మినమాటా ఒప్పందంలో ప్రపంచ దేశాలు అంగీకరించాయి. 2025 జనవరి నుంచి ఐరోపా సమాజం ఆ మిశ్రమం వాడకాన్ని దాదాపు పూర్తిగా ఆపివేసింది. కాబట్టి ప్లాస్టిక్ తగ్గించాలన్న ఆరాటంతో పళ్లను నిర్లక్ష్యం చేసి పుచ్చు తెచ్చుకుంటే, మిగిల్చిన దానికన్నా పాడుచేసిందే ఎక్కువ అవుతుంది. తీపి తిండి తగ్గించడం, రాత్రి పడుకోబోయే ముందు తప్పకుండా తోముకోవడం కూడా పర్యావరణ పరిరక్షణలో భాగాలే.

విద్యార్థులారా! తాతగారి పుల్లను, మనుమడి బ్రష్షును పోటీకి నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. ఉదయం వేపపుల్ల, రాత్రి బఠాణీ గింజంత పేస్టుతో బ్రష్షు వాడేవారు ఉంటే వారిని ఎవరూ తప్పుపట్టనక్కరలేదు. బ్రష్షు మనకు ఆరోగ్యజ్ఞానం ఇచ్చింది, పుల్ల మనకు మితాన్ని నేర్పింది. తాతగారు పర్యావరణమన్న మాట వినకపోయినా, అవసరమైనంత తీసుకొని, తీసుకున్నదాన్ని మట్టికి తిరిగి ఇచ్చే పద్ధతిలో బతికారు. మనకు ఆ మాట తెలుసు గాని పద్ధతి మరచిపోయాం. మీరు ఈ రెండింటినీ కలపగల వయసులో ఉన్నారు. రేపు ఉదయం కుళాయి దగ్గరకు వెళ్లినప్పుడు ఒక చెంబు వెంట తీసుకువెళ్లండి. ఈ వానాకాలంలో మీ కళాశాల ఆవరణలో ఒక వేపమొక్క నాటి, అది చెట్టయ్యేదాకా కాపాడండి. దాని పుల్లను మీరు విరిచినా విరవకపోయినా, దాని నీడలో మీ తరువాతి తరం నిలబడుతుంది.